దిగడం తెలిసిన పెద్దాయన

ఛత్రపురం, చమఖండి ప్రాంతాల్లో వానాకాలం వచ్చిన సంగతి ముందుగా ముక్కుకే తెలుస్తుంది. పొలం గట్ల మీద మొగలి పొదలు పూతకొస్తాయి. తెల్లవారుతుండగానే పూలు కోసుకుని అత్తరు బట్టీలకు చేరవేసే మనుషులు హడావిడిగా పోతుంటారు. ఆ పొదలకు ఎంతో దూరం కాకుండానే హౌరా-చెన్నై రైలు మార్గం. రోజంతా బళ్లు వస్తూ పోతూ ఉంటాయి.

ఆ పట్టాల వెంట పొద్దున్నే ఒక మనిషి నడుస్తూ కనిపిస్తాడు. భుజాన సుత్తి, చేతిలో పెద్ద స్పానరు, చంకలో చుట్టిపెట్టిన ఎర్రజెండా, పచ్చజెండా. ఆయన కీమేన్. పట్టాను పట్టి ఉంచే ‘కీ’ వదులైతే బిగిస్తాడు, ఊడితే మళ్లీ కొడతాడు. బండి కూత వినగానే పక్కకు తప్పుకుని, అది దాటిపోయాక మళ్లీ పట్టాల మధ్యకు వస్తాడు. రైల్లో కూర్చున్నవాళ్లు ఆయన్ను చూస్తారు గానీ, చూసినట్టు వాళ్లకు గుర్తుండదు.

మొన్నామధ్య అలాంటి ఒకాయన పదవీ విరమణకు వెళ్లాను. సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. బంతిపూల దండ, ఒక శాలువా, గోడ గడియారం, మిఠాయి పొట్లాలు, నాలుగు మంచి మాటలు. సభ అంతే. అయిపోయాక ఆయన తన సుత్తిని కొత్తగా వచ్చిన కుర్రాడికి అప్పగించాడు. ఇచ్చేముందు దాని పిడిని భుజం మీది తువ్వాలుతో ఒకసారి శుభ్రంగా తుడిచాడు. తర్వాత నా పక్కన కూర్చుని, ‘‘రేపు పొద్దున్న కాళ్లు వాటంతటవే లైను మీదికి పోతాయేమో బాబూ’’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ కళ్లు మాత్రం పట్టాల వైపే ఉన్నాయి.

చేసే పనిలోంచి, కూర్చున్న చోటునుంచి లేవడం ఎవరికైనా కష్టమే. చిన్న ఉద్యోగమా పెద్ద ఉద్యోగమా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. బడి పంతులుగారు రిటైరైన తర్వాత కూడా గంట వినిపించగానే లేచి నిలబడతారు. తాళం చెవులు కోడలికి అప్పగించిన అత్తగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతారు. అందరం ఏదో ఒక రోజు ఈ అనుభవం దాటాల్సినవాళ్లమే.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ నేను తలచుకున్నది మన బరంపురం పెద్దమనిషి వరాహగిరి వెంకట గిరిగారిని. దేశానికి నాలుగో రాష్ట్రపతి. ఆయన రైలు కార్మికుల మనిషి కాబట్టి గుర్తొచ్చారు. దానికి తోడు, తనంతట తానుగా కుర్చీ దిగిపోవడం ఆయన జీవితంలో ఒకటికి మూడుసార్లు జరిగింది.

1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు. తల్లి సుభద్రమ్మగారు ఇంటిపట్టున ఉండిపోయిన మనిషి కారు. మద్యనిషేధం కోసం జరిగిన ఆందోళనలో ముందు నిలిచి అరెస్టయ్యారు. పెద్దవాళ్ల మాటలకంటే వాళ్లు చేసిన పనులే పిల్లలకు ఎక్కువగా అబ్బుతాయి. గిరిగారి విషయంలో అదే జరిగిందనిపిస్తుంది నాకు.

కొడుకు కూడా తండ్రిలాగే నల్లకోటు వేసుకోవాలన్నది ఇంటి కోరిక. 1913లో ఐర్లండు పంపించారు. డబ్లిన్‌లో చదువు. మన గంజాం కుర్రాడు వెళ్లి పడింది మామూలు ఊళ్లో కాదు, నిప్పుల కుంపటిలో. అక్కడి జనం కూడా మనలాగే ఇంగ్లీషు దొరతనం కింద నలిగిపోతున్నారు. యూనివర్సిటీలో ఆయనకు ఇంగ్లీషు పాఠం చెప్పిన థామస్ మెక్‌డొనా అనే కవి 1916 ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకరు. ఆ మే నెల 3న ఆయన్ను కాల్చి చంపారు. నిన్నటిదాకా పద్యం చెప్పిన గురువును తెల్లవారుజామున గోడకు నిలబెట్టి కాల్చేశారని వింటే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడి మనసు ఏమైపోతుంది? ఆ తర్వాతి ఆయన జీవితమంతా ఆ ప్రశ్నకు జవాబేమో అనుకుంటాను.

ఉద్యమకారులతో తిరుగుతున్నాడని అనుమానం రావడంతో, జూలై 1 లోగా దేశం విడిచిపొమ్మని ప్రభుత్వం నోటీసు ఇచ్చింది. ఆ గడువుకు పది రోజుల ముందు, జూన్ 21న, ఆయన ఐరిష్ బార్‌లో బారిస్టరుగా నమోదయ్యారు. పట్టా చేతికొచ్చింది, పెట్టె సర్దుకోవాల్సి వచ్చింది. ఈ ఒక్కసారి మాత్రం దిగింది ఆయన ఇష్టంతో కాదు, దింపేశారు. ఆ రోజుల్లో ఐర్లండు పోరాటంలో ఉన్న డి వలేరా తర్వాత ఆ దేశానికి అధ్యక్షుడయ్యారు. గిరిగారు ఇక్కడ రాష్ట్రపతి భవన్‌లో ఉన్న కాలంలో ఎక్కువ భాగం అక్కడ అధ్యక్షుడు ఆయనే. కాలం ఇలాంటి ముడులు వేస్తూ ఉంటుంది.

తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. తండ్రి పేరుంది, విదేశీ పట్టా ఉంది, కేసులకు కొదవ లేదు. 1920లో గాంధీగారు సహాయ నిరాకరణకు పిలుపిచ్చారు. గిరిగారు నల్లకోటు విప్పేశారు. ఇప్పుడు ఒక వాక్యంలో చెప్పేస్తున్నాం గానీ, అప్పటి మధ్యతరగతి ఇంట్లో అది ఎంత పెద్ద మాటో! ఆయన భార్య సరస్వతీబాయిగారు. ఆ దంపతులకు పద్నాలుగురు సంతానం. రాబడి ఉన్న వృత్తి వదిలేశానని ఇంటాయన చెబితే, ఆ మాట వెనక ఎన్ని పూటల లెక్క ఉంటుందో ఆ ఇంటి ఇల్లాలికే తెలుస్తుంది. పెద్దవాళ్ల చరిత్రలు రాసేటప్పుడు మనం ఆ ఇల్లాళ్లకు ఒక పేజీ కూడా కేటాయించం. అది నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది.

వకీలు రాజకీయాల్లోకి వెళ్లే దారి అమెరికాలో వేరేగా ఉంటుంది. అక్కడ చాలా చోట్ల ప్రభుత్వ ప్రాసిక్యూటర్‌ను జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. కోర్టులో పేరు తెచ్చుకుని, అక్కణ్నుంచి రాజకీయాల్లోకి వెళ్లడం బాగా నలిగిన బాట. మన దక్షిణాది మూలాలున్న కమలా హ్యారిస్‌నే చూడండి. 2004లో శాన్ ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ అటార్నీ, 2011లో కాలిఫోర్నియా అటార్నీ జనరల్, 2017లో సెనేటర్, 2021లో ఉపాధ్యక్షురాలు. ఒక మెట్టు మీద నిలదొక్కుకుని మరో మెట్టు ఎక్కారు. కోర్టే ఆమెకు తొలిమెట్టు. గిరిగారి తరానికి కోర్టు వదిలేయడం తొలిమెట్టు. ప్రకాశం పంతులుగారూ అంతే, మద్రాసులో దండిగా సాగుతున్న బారిస్టరు ప్రాక్టీసు వదిలేశారు. ఏది గొప్ప అని కాదు నేను అంటున్నది. ఎవరి కాలం వాళ్లను ఒక్కో తీరుగా నడిపించింది.

నల్లకోటు విప్పిన గిరిగారు రైలు కార్మికుల మధ్యకు వెళ్లారు. అప్పట్లో హౌరా నుంచి మన గంజాం మీదుగా వాల్తేరు దాకా నడిచేది బెంగాల్ నాగపూర్ రైల్వే. జనం నోట బి.ఎన్.ఆర్. ఆ కంపెనీ పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. మన శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం ఎన్ని తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్లాయో! ఇప్పటికీ ఖరగ్‌పూర్ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. మన వైపు ఏ ఊరికి వెళ్లినా, ‘మా తాతగారు కరగపూర్‌లో పనిచేశారు’ అనే ఇల్లు ఒకటైనా తగులుతుంది.

ఆ కార్మికుల ఉద్యోగాలు ఊడుతున్నప్పుడు గిరిగారు వాళ్ల తరఫున నిలబడ్డారు. 1928లో బి.ఎన్.ఆర్. కార్మికుల సమ్మెను నడిపించి, తీసేసినవాళ్ల గురించి కంపెనీ దిగివచ్చేలా చేశారు. దేశంలోని రైలు కార్మిక సంఘాలన్నీ కలిసి ఏర్పడ్డ అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్యకు ఆయన వ్యవస్థాపకుల్లో ఒకరు. ఏళ్ల తరబడి దాని ప్రధాన కార్యదర్శి. జెనీవాలో 1927లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సభకూ, లండన్‌లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికీ కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. కోర్టులో వాదించడం మానేశారు అనుకుంటాం గానీ, నిజానికి మానలేదు. ఫీజు ఇవ్వలేని కక్షిదారులను ఎంచుకున్నారు, అంతే.

ఈలోగా ఆయన పుట్టిన ఊరు కూడా చేతులు మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్లిపోయింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. ఒకే ఇంట్లో అన్నదమ్ములకు వాటాలు పంచినట్టు అయిపోయింది. మా పెద్దవాళ్లు ఆ ముచ్చట చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండేది కాదు, ఒక రకమైన తడబాటు ఉండేది. పొద్దున్న లేచేసరికి బంధువుల ఊరు పక్క రాష్ట్రం అయిపోతే ఎవరిమీద కోప్పడతారు? గిరిగారు మరుసటేడు ఇటువైపు బొబ్బిలిలో నిలబడ్డారు. ఎదురుగా అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీ ప్రథమ మంత్రిగా ఉన్న సాక్షాత్తు బొబ్బిలి రాజావారు. రాజావారి సొంత గడ్డ మీద ఆయన్ను ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చాక సిలోనులో హైకమిషనరుగా ఉన్నారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి నెహ్రూగారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. జీవితమంతా కోరుకున్న కుర్చీ అదే అయి ఉంటుంది. ఇక కార్మికులకు ఏం చేయాలన్నా చేతిలో కలం ఉంది.

రెండేళ్లకే దాన్ని వదిలేశారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల గురించి కార్మిక ట్రిబ్యునల్ ఒక తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం ఆ తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగేలా మార్చింది. ట్రిబ్యునల్ చెప్పిందాన్ని మనమే కాదంటే ఇక కార్మికుడు ఎవరిని నమ్మాలన్నది గిరిగారి బాధ. 1954లో రాజీనామా ఇచ్చి బయటికొచ్చారు. కేకలు లేవు, కొత్త పార్టీ లేదు. అంతకుముందూ ఆ తర్వాతా కాంగ్రెస్ మనిషే. ఆయన జీవితంలో అన్నిటికన్నా నాకు నచ్చే ఘట్టం ఇదే. రాష్ట్రపతి కావడం కన్నా కూడా.

ఎందుకంటే రాజీనామా రోజు ఉన్న ధైర్యం, మర్నాటి ఉదయం ఉండాల్సిన ధైర్యం ఒకటి కాదు. మర్నాడు ఫోను మోగదు. గుమ్మం ముందు కారు ఉండదు. పేపర్లో మీ గురించి రాసిన వార్త రెండో పేజీకి, అక్కణ్నుంచి ఎక్కడికో వెళ్లిపోతుంది. చిన్న ఉద్యోగం వదిలినవాళ్లకు కూడా ఈ మర్నాటి ఉదయం ఎలా ఉంటుందో తెలుసు.

ఆయనకు ఓటములూ వచ్చాయి. 1957లో పార్వతీపురం ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు కేటాయించింది, రెండోది అందరికీ. లెక్కపెడితే, గిరిజన అభ్యర్థులిద్దరికీ గిరిగారికన్నా ఎక్కువ ఓట్లొచ్చాయి. దాంతో ఒకరు కేటాయించిన స్థానానికీ, రెండోవారు డిప్పల సూరిదొరగారు జనరల్ స్థానానికీ ఎన్నికయ్యారు. లక్షకు పైగా ఓట్లు తెచ్చుకుని కొద్ది వందల తేడాతో గిరిగారు ఓడిపోయారు. సుప్రీం కోర్టు దాకా వెళ్లారు. గిరిజన అభ్యర్థి జనరల్ స్థానం గెలవడం చట్టబద్ధమేనని కోర్టు చెప్పింది. సూరిదొరగారి గెలుపు అలా చరిత్రకెక్కింది. ఓడిన గిరిగారికి అప్పుడు ఎలా ఉందో గానీ, ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ తీర్పు మనసుకు హాయిగా ఉంటుంది. మన్యం బిడ్డ అందరితో సమానంగా పోటీపడి గెలిచాడని దేశపు పెద్ద కోర్టు ఒప్పుకుంది.

తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరులకు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా ఆయన ప్రయాణం సాగింది. 1969 మే 3న జాకీర్ హుస్సేన్‌గారు కన్నుమూయడంతో రాష్ట్రపతి బాధ్యతలు ఆయన మీద పడ్డాయి. ఆ జూలై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది ఆయన చెయ్యే. పదిహేనేళ్ల కిందట బ్యాంకు గుమాస్తాల జీతాల కోసం మంత్రి పదవి వదిలిన చెయ్యి. మర్నాడే, జూలై 20న, ఉన్న పదవి వదిలేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఓడితే చేతిలో ఏమీ మిగలదు. ఎదురుగా కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు. దేశంలోని అత్యున్నత పదవికి ఇద్దరు తెలుగువాళ్లు పోటీపడ్డ ఎన్నిక అది. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ కావలసిన ఆధిక్యం రాక, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చింది. గిరిగారు గెలిచారు. ఆగస్టు 24న ప్రమాణం చేశారు.

ఆ గెలుపు చెల్లదంటూ కొందరు సుప్రీం కోర్టుకు వెళ్లారు. రాష్ట్రపతి హోదాలో ఉన్న గిరిగారు 1970లో స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కోరితే కోర్టే తన దగ్గరికి మనిషిని పంపి అడిగించుకునే వీలుంది. అయినా ఆయనే వచ్చారు. యాభై ఏళ్ల కిందట నల్లకోటు విప్పేసిన వకీలు, దేశాధినేతగా కోర్టులో నిలిచి, ఎదుటి లాయర్ల ప్రశ్నలకు జవాబిచ్చారు. కేసు కొట్టేశారు. ఆ తీర్పు సరే, ఆయన అక్కడికి నడిచి వెళ్లిన తీరే నాకు ముఖ్యం. ఎంత ఎత్తున ఉన్నా అడిగితే చెప్పుకోవాలి అని నమ్మిన మనిషే అలా వెళతాడు.

అంతా ఇలాగే సాగిందని చెబితే నిజం చెప్పినట్టు కాదు. 1974 మేలో దేశమంతా రైలు కార్మికులు సమ్మెకు దిగారు. పిలుపిచ్చింది గిరిగారు ప్రాణం పోసిన ఆ రైల్వేమెన్ సమాఖ్యే. మే 8న మొదలైన సమ్మె ఇరవై రోజులు సాగి, అణగారిపోయింది. వేలమంది జైళ్లపాలయ్యారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలు బయటికి రావాల్సి వచ్చింది. ఆ సమయంలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది వి.వి. గిరి.

ఆ ఇరవై రోజులూ ఆయనకు నిద్ర పట్టిందా? ఖరగ్‌పూర్ గుర్తొచ్చిందా? అప్పుడు కూడా ఆయన దిగిపోయి ఉంటే బాగుండేదని మా రైల్వే బంధువులు కొందరు అనేవారు. నేను చాలాకాలం ఆ మాటే అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. వయసు ఎనభైకి చేరింది, పదవీకాలం మూడు నెలల్లో అయిపోతోంది, రాష్ట్రపతి చేతులు రాజ్యాంగం కట్టేసి ఉంచుతుంది. మనిషికి ప్రతిసారీ ఒకే బలం ఉండదు. మూడుసార్లు దిగినవాణ్ని నాలుగోసారి దిగలేదని నిలదీసేముందు, ఆ మొదటి మూడూ ఎవరు చేశారో చూడాలనిపిస్తుంది. అయినా ఆ వెలితి వెలితే. దాన్ని కప్పిపెట్టనక్కర్లేదు. కప్పిపెడితే ఆయన్ను బొమ్మను చేసినట్టవుతుంది.

1974 ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 1975లో భారతరత్న వచ్చింది. తన జీవితకథ తనే ఇంగ్లీషులో రాసుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే. బరంపురంలో గిరి రోడ్డు ఉంది, ఎప్పుడు చూసినా కిటకిటలాడుతూ ఉంటుంది. పట్టుచీరలు కొనడానికి బరంపురం వచ్చేవాళ్లకు ఆ పేరు నోటికి వస్తుంది. ఎవరా గిరి అని ఆగి అడిగేవాళ్లు తక్కువ.

మా వైపు పిల్లల సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోనులో ఇంగ్లీషు, హిందీ. అమ్మమ్మతో ఒక భాష, స్నేహితుడితో ఇంకో భాష, మధ్యలో ఎక్కడా తడుముకోరు. అర్యాపల్లి పల్లెకారుల పిల్లలు కానీయండి, బరంపురం నేతగాళ్ల పిల్లలు కానీయండి, ఎక్కడివాళ్లం అని అడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తారు. మేం రెండువైపులవాళ్లం అని చెప్పుకోవడానికి వాళ్లకొక పెద్దమనిషి కావాలి. ఆయన ఈ ఊళ్లోనే పుట్టాడు, తెలుగులోనే పెరిగాడు, ఒడియావాళ్లు తమ వీధికి ఆయన పేరు పెట్టుకున్నారు, దేశం ఆయన్ను తన మొదటి పౌరుణ్ని చేసుకుంది.

ఈసారి గిరి రోడ్డు మీదుగా వెళ్లేటప్పుడు మీ పక్కన చిన్నవాళ్లెవరైనా ఉంటే ఆ పేరు ఎవరిదో చెప్పండి. రాష్ట్రపతి అయ్యారని ఎలాగూ చెబుతారు. 1954లో బ్యాంకు గుమాస్తాల కోసం మంత్రి పదవి వదిలేసి వచ్చారని కూడా చెప్పండి.